గౌరవం మీ దగ్గరే ఉంచుకోండి, వేతనం ఇవ్వండి

ఉద్యోగుల జీతాలు సవరించే పీఆర్సీ (వేతన సవరణ సంఘం) పెద్దలకు, ఆర్థిక శాఖ అధికారులకు, ఆ ఫైళ్ల మీద చివరి సంతకం పెట్టే మంత్రులకు నమస్కారం.

నాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ను. ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు నాదే, అంటే జీతాల బిల్లులు చేసేది, సర్వీసు రిజిస్టర్లు రాసేది, ఎవరి ఇంక్రిమెంట్ ఏ నెలలో పడుతుందో వాళ్లకంటే ముందు గుర్తుపెట్టుకునేది నేనే. పేరు రాయడం లేదు. ప్రభుత్వాన్ని బయట విమర్శించొద్దని 1964 నాటి కండక్ట్ రూల్స్‌లో ఉంది, నాకేమో ఇంకా బోలెడు సర్వీసు ఉంది, మెమో తీసుకుని దానికి జవాబు రాసే ఓపిక లేదు. అందుకని దీన్ని విమర్శ అనుకోకండి, కొంచెం పొడుగైన నోట్ ఫైల్ అనుకోండి.

మొన్న మహిళా దినోత్సవం నాడు మా ఆఫీసులో ఆడవాళ్లకు తలా ఒక గులాబీ పువ్వు, అందరికీ సమోసా, కూల్‌డ్రింక్ ఇచ్చారు. మా సార్ మంచి మనిషి, మనసులో ఏం పెట్టుకోడు. ఆయన లేచి, "ప్రైవేటుల ఎట్లుంటదో నాకు తెల్వదు గానీ గవర్నమెంటుల ఆడ మగ అని జీతంల తేడా లేదమ్మా, స్కేలు స్కేలే" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. సీట్లోకి వచ్చి కూర్చుంటే టేబుల్ మీద రెండు బిల్లులు ఉన్నాయి. ఒకటి 010 పద్దు, అంటే ఖజానా నుంచి నేరుగా జీతాలిచ్చే పద్దు, కింద రెగ్యులర్ వాళ్లది, రెండోది అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీది. మొదటిదాంట్లో పదకొండు పేర్లు, అందులో ఆడవాళ్లం ముగ్గురం. రెండోదాంట్లో ఏడు పేర్లు, అందులో ఐదుగురు ఆడవాళ్లే. ఆ గులాబీలు అందరికీ పంచింది కూడా ఆ రెండో బిల్లులో ఉన్న అమ్మాయే. ఆమెకు పువ్వు మిగల్లేదు. మేం గమనించేసరికి సమోసాలు కూడా అయిపోయాయి.

సార్ చెప్పింది అబద్ధమేం కాదు. జూనియర్ అసిస్టెంట్ స్కేలు 24,280 నుంచి 72,850 అంటే ఆడవాళ్లకూ అంతే, మగవాళ్లకూ అంతే, డీఏ (కరువు భత్యం) అంతే, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అంతే. కాగితం మీద మీరు తప్పు దొరకనివ్వరు. తేడా అంతా స్కేలు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అనే దగ్గర దాక్కుంది. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే, మిగతాదంతా దానికి లెక్కలు.

ముందు మా అమ్మ లెక్క.

అమ్మ 1989లో మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. అప్పుడు ఆయాకు కేంద్రం పెట్టిన గౌరవ వేతనం నెలకు 110 రూపాయలు. 1992లో 200 చేశారు, 1997లో 260. ఆ 260 కూడా నెలనెలా చేతికొచ్చేది కాదు, మూడు నెలలవి ఒక్కసారి వస్తే ఆ రోజు మా ఇంట్లో కోడికూర. సెంటర్‌కు అప్పుడు సొంత బిల్డింగ్ లేదు, ఒకాయన ఇంటి ముందర రేకుల గదిలో నడిచేది. పొద్దున్నే పోయి ఊడ్చి, బోరింగ్ కొట్టి రెండు బిందెల నీళ్లు మోసుకొచ్చి, పొయ్యి ముట్టించి, ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తోలుకొచ్చేది. ఇద్దరు చెరో చేయి పట్టుకుంటే ఒకడు చంకలో. బరువులు తీసే రోజైతే కాంటాను దూలానికి కట్టి, ఏడ్చే పిల్లవాణ్ని అందులో కూర్చోబెట్టి, ముల్లు నిలబడేదాకా "అగో కాకి, అగో పిల్లి" అంటూ ఆడించేది. టీచరమ్మ ముల్లు చూసి రాసుకునేది. ఆ పుస్తకంలో పిల్లల బరువులున్నాయి, టీచరమ్మ సంతకం ఉంది, సూపర్‌వైజర్ వచ్చి పెట్టిన సంతకం ఉంది. ఏడుపు మాన్పించినామె పేరు ఎక్కడా లేదు.

మోకాళ్లు పోయి 2021 చివర్లో తనే మానేసింది. అప్పటికి ఆయా గౌరవ వేతనం 7,800, అదీ ఆ ఏడాది పీఆర్సీతో పాటు 30 శాతం పెంచడం వల్ల 6,000 నుంచి అంతయింది. ఊళ్లోవాళ్లు శాలువా కప్పారు, ఒక స్టీలు బిందె కూడా ఇచ్చారు. ఆ బిందె చూసి అమ్మ, "ఇన్నేండ్లు మోసింది సాలలేదని ఇంకోటి ఇచ్చిండ్రు" అని ఒకటే నవ్వు.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గుజరాత్ అంగన్‌వాడీ వాళ్ల కేసులో, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం, అంటే దిగిపోయేటప్పుడు ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం లెక్కన ఇవ్వాలనేది, టీచర్లకూ ఆయాలకూ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. బిల్లులు చేసే చేయి ఊరుకోదు కదా, ఆ వార్త చదివిన రాత్రి కాలిక్యులేటర్ తీసి అమ్మ లెక్క వేశాను. చివరి నెల వేతనం 7,800. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 4,500. సర్వీసు 32 ఏండ్లు. మొత్తం 1,44,000 రూపాయలు. తర్వాత 2023లో ప్రభుత్వం ఆయాలకు రిటైర్మెంట్ సాయం 50,000 అంది, ఆ తర్వాత దాన్ని లక్ష చేస్తామంది. సంతోషమే. అయినా అది చట్టం లెక్కకు తక్కువే, పైగా దాని పేరు సాయం. మా అమ్మ అప్పటికే ఇంటికొచ్చేసింది కాబట్టి ఆ యాభై వేలు కూడా ఆమెవి కావు. లెక్క వేసిన కాగితం అమ్మకు చూపించలేదు. చూపించి ఏం చెప్పాలి?

ఈ గౌరవ వేతనం అనే మాట ఎవరు కనిపెట్టారో కానీ చాలా తెలివిగలవాళ్లు. జీతం అంటే కనీస వేతనం అడుగుతారు, పీఎఫ్ అడుగుతారు, పింఛను అడుగుతారు. గౌరవం అంటే ఏం అడుగుతారు? ప్రస్తుతం రాష్ట్ర ప్రభుత్వంలో అన్నిటికంటే కింది స్కేలు, అంటే ఆఫీస్ సబార్డినేట్ మూలవేతనం 19,000 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ. 2021 పెంపుతో అంగన్‌వాడీ టీచర్‌కు వచ్చింది 13,650. ఆయాకు 7,800. ఆశా కార్యకర్తకు 9,750. బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మకు 2023లో పెంచాక 3,000, అంతకుముందు 1,000. ఈ నాలుగు పనుల్లో మీకు మగవాళ్లు కనిపిస్తారా? వంట దగ్గర అక్కడొకరు ఇక్కడొకరు ఉంటారేమో, ఆశా, అంగన్‌వాడీ అయితే పథకం మొదలుపెట్టిన రోజు నుంచే ఆడవాళ్ల కోసమని రాసి పెట్టినవి. అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ వచ్చింది 1975 అక్టోబర్ 2న. యాభై ఏండ్లు దాటింది. యాభై ఏండ్లుగా నడుస్తున్నదాన్ని ఇంకా పథకం అంటున్నాం, అందులో పని చేసేవాళ్లను ఇంకా వాలంటీర్ల లెక్కన చూస్తున్నాం.

పని మాత్రం వాలంటీర్ పనిలా లేదు. పిల్లల, తల్లుల వివరాలు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కించాలి, సరుకులు తీసుకునే తల్లి ముఖం ఫోన్‌లో పట్టించాలి, సిగ్నల్ లేకపోతే ఆమెను తీసుకుని గుట్టెక్కాలి. అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (అడవి గూడేల్లో), మా దేవరకొండ తండాల్లో ఈ మాట నవ్వులాటకు చెప్పేది కాదు. ఓటరు జాబితా వస్తే అదే టీచరమ్మ బీఎల్ఓ, అంటే పోలింగ్ బూత్ స్థాయి అధికారి. దానికి ఏడాదికి 6,000 ఇచ్చేవాళ్లు, 2025లో ఎన్నికల సంఘం 12,000 చేసింది. ఇల్లిల్లూ తిరిగి ఎవరు బతికున్నారు, ఎవరు చనిపోయారు అని తేల్చి రాయడానికి ఆమె ప్రభుత్వ మనిషే. ఒకటో తారీఖు వచ్చేసరికి మాత్రం సేవకురాలు అయిపోతుంది.

ఇప్పుడు ఒకే ఊళ్లో రెండు పొయ్యిల సంగతి. సంక్షేమ హాస్టల్లో వంటమనిషి ఉంటాడు. అది క్లాస్ ఫోర్ పోస్టు, రెగ్యులర్ అయితే స్కేలు, సెలవు, పింఛను ఖాతా అన్నీ ఉంటాయి. నాలుగు అడుగుల అవతల బడిలో ఒకామె అదే బియ్యం, అదే పప్పు, అదే గుడ్లు వండుతుంది, అప్పు చేసి కూరగాయలు కొంటుంది, ఆ బిల్లు ఎప్పుడొస్తే అప్పుడు. ఆమెకు 3,000. పనిగంటలు తక్కువ అంటారు, ఒప్పుకుంటాను, హాస్టల్లో మూడు పూటలు, బడిలో ఒక పూటే. కానీ పని మూడో వంతు అయితే జీతం కూడా మూడో వంతన్నా ఉండాలి కదా, 19,000లో మూడో వంతు 6,333. మీరు ఇస్తున్నది అందులో సగం కూడా లేదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ ఉంది. అక్కడ చెత్త ఎత్తేవాళ్లు, రోడ్లు ఊడ్చేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు, వాళ్లకు జీతం మీద బోనస్‌లు ఇచ్చారు. వంటవాళ్లు, క్లీనర్లు, ముసలివాళ్లను చూసుకునేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు, గ్రేడు అదే అయినా వాళ్లకు ఆ బోనస్‌లు లేవు. ఆడవాళ్లు కేసు వేశారు, 2010లో ట్రిబ్యునల్‌లో గెలిచారు, ఉద్యోగం మానేసి ఏండ్లయినవాళ్లు కూడా కోర్టుకు రావచ్చని 2012లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. బకాయిలు పెరిగి పెరిగి, 2023 సెప్టెంబర్‌లో ఆ నగర పాలక సంస్థ ఇక మా దగ్గర పైసలు లేవని చేతులెత్తేసింది, అందుకు చెప్పిన కారణాల్లో ఈ సమాన వేతన బకాయిలే పెద్దవి. బడ్జెట్ సార్లకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నా. ఆడవాళ్లకు తక్కువ ఇచ్చి మిగిల్చింది పొదుపు అనుకుంటే అది అప్పుగా తిరిగొచ్చిన ఊరు ఒకటి ఉంది.

మన చట్టం సంగతికి వస్తే, రాజ్యాంగం 39వ అధికరణంలో సమాన పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం అని రాసుకున్నాం. 1982లో రణధీర్ సింగ్ అని ఢిల్లీ పోలీసు శాఖలో ఒక డ్రైవర్, మిగతా శాఖల డ్రైవర్లకు ఎక్కువ ఇచ్చి నాకెందుకు తక్కువని సుప్రీంకోర్టుకు పోతే ఆయనకు న్యాయం జరిగింది. స్టీరింగ్ పక్కన స్టీరింగ్ పెట్టి చూడొచ్చు, తేలిక. మా అమ్మ పని పక్కన ఏం పెట్టి చూడాలి? ఆయా పోస్టులో మగవాడే లేనప్పుడు ఎవరితో సమానం అడగాలి? చిక్కంతా ఇక్కడే ఉంది. 1976 సమాన వేతన చట్టం అయినా, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ అయినా అదే పని, లేదా అలాంటి పని అనే దగ్గర ఆగిపోయాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందం మాత్రం సమాన విలువ గల పని అంది. దాన్ని మన దేశం 1958లోనే ఒప్పుకుని సంతకం పెట్టింది. విలువ అంటే ఏం లేదు, ఆ పనికి ఎంత నేర్పు కావాలి, ఎంత బాధ్యత, ఎంత శ్రమ, ఏ పరిస్థితుల్లో చేయాలి అని చూడటం. స్కేలు కట్టేటప్పుడు పీఆర్సీలు చేసే పని అదే కదా. ప్రతి కేడర్ వాళ్లూ వచ్చి మా పని ఇంత కష్టం అని వినతిపత్రం ఇస్తారు, మీరు తూకం వేస్తారు. ఆ తూకం మా అమ్మకు ఎందుకు వేయరు?

మీరు పెట్టాలనుకుంటే సమానం పెట్టగలరు, మా జిల్లాల్లోనే చూశాం. 2006లో ఉపాధి హామీ మొదటి విడతగా 200 జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో పాలమూరు ఉంది, నల్లగొండ ఉంది. అప్పటిదాకా ఇక్కడ చేను మీద కూలి అంటే మగమనిషికో రేటు, ఆడమనిషికో రేటు. మేస్త్రీ కింద వలసపోతే ఆడామె కూలి మొగుడి లెక్కలోనే కలిసిపోయేది. ఉపాధి పనిలో మాత్రం గుంతకు కొలత, కొలతకు పైసలు, పోస్టాఫీసులో ఎవరి ఖాతా వాళ్లది. మా చిన్నమ్మ మొదటిసారి తన పేరు మీద వచ్చిన డబ్బులు తెచ్చి మూడుసార్లు లెక్కపెట్టుకుంది, మా బాబాయి పక్కనే కూర్చుని "నాకొచ్చినయే నీకొచ్చినయ్, ఇంకెన్నిసార్లు లెక్కవెడ్తవ్" అన్నాడు. ఆమె నాలుగోసారి కూడా లెక్కపెట్టింది. 2025-26లో ఆ కూలి రేటు రోజుకు 307. నెలకు 26 రోజులు పని దొరికిందనుకుంటే 7,982. ఆయా గౌరవ వేతనం కంటే 182 రూపాయలు ఎక్కువ. మళ్లీ వేసి చూసుకోండి.

ఇక రెండో బిల్లు.

గులాబీలు పంచిన అమ్మాయిది డిగ్రీ, డేటా ఎంట్రీ పని. 2021 జూన్ జీవోతో అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 15,600, 19,500, 22,750 అని మూడు మెట్లు పెట్టారు, ఆమెది నడిమిది. పక్క సీట్లో జూనియర్ అసిస్టెంట్ చేసే పనికీ ఆమె పనికీ తేడా ఏమిటో నన్ను రాయమంటే నేను రాయలేను, ఎందుకంటే ఆయనకు కంప్యూటర్‌లో సందేహం వస్తే పిలిచేది ఆమెనే. తాత్కాలిక ఉద్యోగులైనా రెగ్యులర్ వాళ్లు చేసే పనే చేస్తుంటే కనీసం ఆ స్కేలు తొలి మెట్టు ఇవ్వాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో ఏజెన్సీ అనే గోడ ఒకటి కట్టుకుంటే ఆ తీర్పు ఇటువైపు రాదని మనవాళ్ల ధీమా. ఈ బాధ మగవాళ్లకూ ఉంది, లేదనను. కానీ ఈ అమ్మాయికి జరిగింది మగవాళ్లకు జరగదు.

ఆమె కడుపుతో ఉండి ఎనిమిదో నెల దాకా ఆఫీసుకొచ్చింది, దేవరకొండ బస్సులో నిలబడి. అదే ఏడాది మా రెగ్యులర్ స్టాఫ్‌లో ఒకామెకు కూడా కాన్పు అయింది, ఆమెకు 180 రోజుల సెలవు, పూర్తి జీతం, నేనే మంజూరు ఫైలు పెట్టాను, మధ్యాహ్నం లోపల సంతకం అయిపోయింది. ఈ అమ్మాయి సెలవు అడిగితే ఏజెన్సీ వాళ్లు ఆఫీసును అడగమన్నారు, ఆఫీసు ఏజెన్సీని అడగమంది. ఆ తర్వాత నెల హాజరు పట్టీలో ఆమె పేరుకు ఎదురుగా ఎర్ర గీత కొట్టింది నేనే. కొట్టకుండా ఉండాల్సింది అంటే ఆడిట్‌లో నా పీకల మీదికి వస్తుంది, కొట్టాను. నాలుగు నెలల తర్వాత పాలు మాన్పించకుండానే తిరిగొస్తే కొత్తగా చేరినట్టు కాగితాలు రాయించుకున్నారు. ఆరేండ్ల పాత సర్వీసు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. 2017 సవరణ తర్వాత ప్రసూతి చట్టంలో సెలవు 26 వారాలు. మస్టర్ రోల్ మీద పని చేసే రోజుకూలీ ఆడవాళ్లకూ ఆ చట్టం వర్తిస్తుందని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో 2000లోనే చెప్పారు, కాంట్రాక్టు గడువు మధ్యలో అయిపోయినా ప్రసూతి ప్రయోజనాలు ఆపొద్దని 2023లో మరో కేసులో చెప్పారు. తీర్పులన్నీ ఉన్నాయి. మా ఆఫీసుకు రావాల్సింది ఒక సర్క్యులర్. ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ప్రసూతి సెలవు జీతం ఎవరు కట్టాలో అందులో ఒక వాక్యం పెట్టండి, ఆ ఖర్చుకు ప్రభుత్వం బాధ్యత తీసుకోండి, తిరిగొచ్చాక పాత సర్వీసు కలపండి. అంతకంటే పెద్ద విప్లవం ఏమీ అడగడం లేదు.

మేం రెగ్యులర్ వాళ్లం హాయిగా ఉన్నాం అనుకుంటారేమో, నా సంగతి కూడా చెప్తా. 2022లో నాకు సూపరింటెండెంట్ ప్రమోషన్ వచ్చింది. పోస్టింగ్ జనగామ. జోన్ లోపలే కదా అంటారు, నిజమే, నల్లగొండ, జనగామ రెండూ యాదాద్రి జోన్‌లోనే ఉన్నాయి, మ్యాపులో చూస్తే ఎంతోసేపు పట్టదు. మా చిన్నోడికి అప్పుడు నాలుగేండ్లు, ఇంట్లో అమ్మకు మోకాళ్లు. పొద్దున బస్సు, మళ్లీ ఇంకో బస్సు, రాత్రికి ఇల్లు చేరడం అయ్యే పని కాదు. అక్కడ రూము తీసుకుని ఉండటం మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ సరేనని కూడా అనలేదు. ప్రమోషన్ వద్దని రిలింక్విష్‌మెంట్ రాసిచ్చాను. నా తర్వాత లిస్టులో ఉన్నాయన జనగామ పోయాడు, వాళ్లావిడ ఇంటి దగ్గరుండి పిల్లల్ని చూసుకుంటుంది. ఆయన తప్పేం లేదు, ఇప్పటికీ ఫోన్ చేసి సర్వీసు రూల్స్ అడుగుతుంటాడు, నేను చెప్తుంటాను. ప్రమోషన్‌లో జీతం కట్టే ఎఫ్ఆర్ 22బీ రూలు కింద ఆయనకు ఇంక్రిమెంట్ కలిసింది, స్కేలు మారింది, మూలవేతనం పెరిగింది కాబట్టి సీపీఎస్‌లో (జీతంలో కోసి జమచేసే పింఛను పథకంలో) ఆయన పది శాతం, ప్రభుత్వం పది శాతం రెండూ పెరిగాయి. రిటైరయ్యేనాటికి మా ఇద్దరి మధ్య తేడా ఎంతవుతుందో ఒకసారి లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఇది మీ రికార్డుల్లో వివక్షగా కనపడదు. నా చేతిరాతతో నేనే రాసిచ్చిన దరఖాస్తుగా కనపడుతుంది.

నా ఒక్కదాని కథే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2021 డిసెంబర్‌లో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు పంచే 317 జీవో వచ్చినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త ఒక జిల్లాకు పడ్డ ఇండ్లలో, తర్వాత ఎవరు సీనియారిటీ వదులుకుని అవతలి జిల్లాకు వచ్చారో ఒకసారి లెక్క తీయించండి. సొంత కోరిక మీద జిల్లా మారితే సీనియారిటీ లిస్టులో ఆఖరు పేరు అవుతారు, అది రూలు. కోరిక ఇద్దరిదీ, మా చుట్టుపక్కల నేను చూసినంతలో ఆఖరు పేరు ఎక్కువసార్లు భార్యది. చైల్డ్ కేర్ లీవు సంగతీ అంతే. కేంద్ర ఉద్యోగికి సర్వీసు మొత్తంలో 730 రోజులు, మాకు 2016 జీవోతో ఇచ్చింది 90. పిల్లలకు పద్దెనిమిదేండ్లు వచ్చేదాకా తొంభై రోజులు! మా చిన్నోడి జ్వరాలకే సగం అయిపోయాయి.

మీరేం అంటారో నాకు తెలుసు, ఇన్నేండ్లుగా మీ మెమోలు చదువుతున్నదాన్ని. అంగన్‌వాడీ కేంద్ర పథకం, మా చేతుల్లో ఏముంది అంటారు. కేంద్రం 2018లో టీచర్‌కు 4,500, ఆయాకు 2,250 చేసి అక్కడే ఆగిందన్నది నిజం, అందులోనూ మన వాటా నలభై శాతం ఉందన్నది నిజం, మిగతాది రాష్ట్రం సొంతంగా కలిపి 13,650 దాకా తెచ్చిందన్నదీ నిజమే, అది చిన్న విషయమని నేను అనను. కానీ సొంతంగా కలపగలిగినవాళ్లు కలపడం ఎక్కడ ఆపాలో కూడా సొంతంగానే నిర్ణయించుకున్నారు కదా. 2023 ఎన్నికల కాంగ్రెస్ మేనిఫెస్టోలో టీచర్లకు 18,000 అని రాశారు. ఆ 18,000 కూడా కింది స్కేలు 19,000 కంటే తక్కువే. మాట ఇచ్చేటప్పుడు కూడా ఆఫీస్ సబార్డినేట్ గీత దాటకుండా జాగ్రత్త పడ్డారన్నమాట. అంగన్‌వాడీ వాళ్లవి సివిల్ పోస్టులు కావని పాత తీర్పు ఉందంటారు, ఉంది. కానీ గుజరాత్ హైకోర్టు 2024లో వాళ్లను క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగులతో సమానంగా చూడాలంది, ఆ మరుసటి ఏడాది డివిజన్ బెంచ్ టీచర్లకు నెలకు 24,800, ఆయాలకు 20,300 తక్కువ కాకుండా ఇవ్వమంది. ఈ పనులు చేసేవాళ్లను కార్మికులుగా గుర్తించాలని భారత కార్మిక మహాసభ 2013లోనే సిఫారసు చేసింది. ఎవరో కోర్టుకు పోయి తెచ్చుకునేదాకా ఆగడం ఎందుకు, మీ పెన్నులో సిరా ఉంది.

పైసలు లేవంటారు. అది నేను కాదనలేను, మా డీఏ బకాయిల సంగతే మాకు తెలుసు. ఒక్కరోజులో అంతా చేయమని ఎవరూ అనడం లేదు. పైసా ఖర్చు లేనిదొకటి ముందు చేయండి. జీతాలన్నీ ఇప్పుడు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ ఐఎఫ్ఎంఐఎస్‌లోనే పోతున్నాయి, మగ, ఆడ అనే గడి ఆధార్ నుంచి బ్యాంకు ఖాతా దాకా ప్రతి దాంట్లో ఉంది. వచ్చే పీఆర్సీ నివేదికలో ఒక పట్టిక వేయండి. రెగ్యులర్, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, గౌరవ వేతనం అని నాలుగు వరుసలు, ప్రతి వరుసలో మగవాళ్లెంతమంది, ఆడవాళ్లెంతమంది, నెలకు సగటున ఎవరి చేతికి ఎంత పోతుంది. ప్రమోషన్ వద్దని రాసిచ్చినవాళ్లలో ఆడవాళ్లెంతమందో కింద ఇంకో వరుస. బ్రిటన్‌లో 250 మందికి పైబడి పనిచేసే ప్రతి సంస్థ, ప్రభుత్వ సంస్థలు కూడా, 2017 నుంచి ఏటా ఇలాంటి లెక్క బయట పెడుతున్నాయి. దాంతో జీతాలు సమానమైపోలేదు, కానీ స్కేలు స్కేలే అని ఎవరూ చప్పట్లు కొట్టించుకోలేరు. నాలుగో వరుసను పట్టికలోంచి తీసేయకండి, వాళ్లు ఉద్యోగులు కారు కదా అని. ఆ వరుస తీసేస్తే తేడా చాలా చిన్నగా కనపడుతుంది, ఇన్నాళ్లూ చిన్నగా కనపడింది అందుకే.

పట్టిక వచ్చాక ఆయాను, వంటామెను కనీసం కింది స్కేలు తొలి మెట్టు దాకా ఎన్నేండ్లలో, ఏ విడతల్లో తెస్తారో తారీఖులతో చెప్పండి. చిన్న పిల్లలున్న ఆడవాళ్లు ఒకసారి ప్రమోషన్ వాయిదా వేసుకుంటే మూడేండ్ల దాకా సీనియారిటీ పోకుండా చూడండి, లేదా ఖాళీ ఉంటే సొంత జిల్లాలో పోస్టింగ్ ఇవ్వండి. గ్రాట్యుటీని సాయం అనకండి, చట్టం లెక్క ప్రకారం ఇవ్వండి, 2023కు ముందు దిగిపోయినవాళ్లకు కూడా. మా అమ్మ కాగితం నా దగ్గర భద్రంగానే ఉంది, 7,800 బై 26 ఇంటూ 15 ఇంటూ 32. కావాలంటే జతపరుస్తాను.

తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.

ఇట్లు,
సీనియర్ అసిస్టెంట్,
నల్లగొండ జిల్లా